ఎండాకాలం పారే ఏరు

అనంతపురం జిల్లాలో ఏప్రిల్ నెలలో ఏరు పారుతోందని చెబితే వినేవాళ్ళు ముందు నవ్వుతారు. ఆ తర్వాత ఏ ఏరని అడుగుతారు. తడకలేరు అంటే మాత్రం నవ్వు ఆగిపోతుంది. ఆ ఏరు ఎందుకు పారుతోందో ఇక్కడ అందరికీ తెలుసు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. దానిలో చాలా భాగం నాలుగైదు దెబ్బల్లోనే పడి, ఎర్ర మట్టి మీదుగా జారి వెళ్ళిపోతుంది. ఇక్కడి వంకలు పెద్ద వాన కురిసిన రోజున ఒడ్డు దాటి, మూడో రోజుకు మడుగులుగా తెగిపోయి, నెల తిరిగేసరికి ఇసుక దారులవుతాయి. మేకలు నడుస్తాయి, కంపచెట్లు మొలుస్తాయి. పెన్న లాంటి పెద్ద ఏరే ఎండల్లో ఇసుక మేటలా పడి ఉంటుంది. అలాంటి చోట ఒక ఏరు మాత్రం ఏడాది పొడుగునా పారుతోంది. దాని నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయో, దారిలో ఏం చేస్తున్నాయో, చివరికి ఎవరి పొలంలో పడుతున్నాయో చూద్దామని, ఎండలు ముదిరాక, అనంతపురం నుంచి శింగనమల దాకా నీటి వెంట బయల్దేరాను. బస్సెక్కితే పాతిక కిలోమీటర్ల లోపే. వంక వెంట పోతే ఎక్కువవుతుంది.

సంచీలో ఒక నీళ్ళసీసా, టీ వడపోసే జాలి, ఒక తెల్ల పింగాణీ పళ్ళెం వేసుకున్నాను. జాలి ఎందుకంటే, నీటి ఆరోగ్యం తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరమే కానీ మొదటి మాట చెప్పేది నీటి అడుగున ఉండే పురుగులే. ఒడ్డున జాలి ముంచి, అడుగు మట్టిని కొంచెం కదిలించి, పళ్ళెంలో బోర్లిస్తే ఎవరెవరు బతుకుతున్నారో కనిపిస్తారు. తూనీగ పిల్లలు నీటిలోనే పెరుగుతాయి, వాటికి ప్రాణవాయువు బాగా కావాలి. నీళ్ళు చెడ్డచోట వాటి స్థానంలో ఎర్రటి దారప్పోగుల లాంటి పురుగులుంటాయి. అవి ఎర్రగా ఉండటానికి కారణం మన రక్తం ఎర్రగా ఉండటానికి ఉన్న కారణమే, హిమోగ్లోబిన్. నీటిలో గాలి లేనప్పుడు దొరికిన కాస్తనూ పట్టి దాచుకోవడానికి వాటికి ఆ ఏర్పాటు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా నదుల ఆరోగ్యాన్ని అంచనా వేయడానికి ఇలాంటి పురుగుల లెక్కను వాడుతుంది. వాళ్ళ పద్ధతి శాస్త్రం, నాది కుతూహలం. అయినా జాలికి అబద్ధం చెప్పే అవసరం లేదు.

మొదట పండమేరు. కనగానపల్లి వైపు నుంచి వచ్చి అనంతపురం అంచును తాకే ఏరు ఇది. నగరానికి పైన, వంతెన దిగి చూస్తే, ఊహించినట్టే ఇసుక. ఒకచోట ఆడపిల్లలిద్దరు మోకాలి లోతు గుంత తీసి, ఊరిన నీటిని చెంబుతో తోడి మేకలకు పోస్తున్నారు. చెలమ నీళ్ళు. ఇసుక వడబోసి ఇచ్చినవి కాబట్టి అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఎండిన ఏరును చచ్చిన ఏరనుకునే అలవాటు పట్నం కళ్ళకు ఉంది. ఇక్కడి జీవాలకు అలాంటి అపోహ లేదు. కప్పలు మట్టిలోపల నిద్రపోతాయి, కొర్రమీను నీళ్ళు తగ్గిన బురదలో కూడా గాలి పీల్చుకుని కొంతకాలం నెట్టుకొస్తుంది. తూనీగలు ఎగిరి ఇంకో చెరువు చూసుకుంటాయి. ఎండటమూ పారటమూ రెండూ కలిస్తేనే ఈ సీమ ఏరు. వేల ఏళ్ళుగా ఇక్కడి జీవాలన్నీ ఆ తాళానికి అలవాటుపడి ఉన్నాయి.

పండమేరుకు అడ్డంగా కట్ట వేసిన కాలం 1364 అని జిల్లా చరిత్రలు చెబుతాయి. విజయనగరం బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు వేయించాడట. కట్టకు ఈ కొసన బుక్కరాయసముద్రం, ఆ కొసన అనంతసాగరం. ఆ రెండో ఊరే పెరిగి అనంతపురమైంది. అంటే ఈ నగరం తన పేరును, పుట్టుకను ఒక చెరువు కింద తీసుకుంది. నగరంలోని తాడిపత్రి బస్టాండు నుంచి బయల్దేరిన బస్సు ఇప్పటికీ ఆ కట్ట మీదుగానే పోతుంది. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఇళ్ళు.

ఈ కట్టకే ముసలమ్మ కథ ఉంది. పెద్ద వానకు కట్ట తెగబోతే, బసిరెడ్డి అనే ఆయన చిన్న కోడలు ముసలమ్మ బలిగా వెళితే నిలుస్తుందని ఆకాశవాణి పలికిందని, ఆమె వెళ్ళి గండిలో నిలబడిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి యువకుడిగా ఉన్నప్పుడు దీన్నే ‘ముసలమ్మ మరణం’ అని కావ్యం రాశాడు. తెలుగులో ఆధునిక కావ్యాల చరిత్ర చెప్పేవాళ్ళు చాలామంది దాని దగ్గరే మొదలుపెడతారు. ముసలమ్మకు ఇప్పటికీ ఈ కట్ట మీద పూజలు జరుగుతాయి. నాకు ఆ కథ ఎప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. చెరువు కాపాడాల్సిన మగవాళ్ళంతా ఉండగా ఇంటి చిన్న కోడలే దొరికింది ఆకాశవాణికి. కానీ ఒకటి ఒప్పుకోవాలి. చెరువు తెగితే ఊరు పోతుందన్న భయం ఆ కథ నిండా ఉంది. ఆ భయం ఇప్పటి నగరానికి పోయింది. పోయిందని అప్పుడప్పుడూ వానే గుర్తుచేస్తోంది.

కట్ట కింద నీటి అంచుకు దిగి జాలి ముంచాను. నత్తలు, రెండు తూనీగ పిల్లలు, గాజులాంటి చిన్న రొయ్యపిల్ల ఒకటి. ఫరవాలేదు. ఒడ్డున ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరిచిప్పలు, పూజ అయిపోయాక పడేసిన పటాలు ఉన్నాయి గానీ నీటికి ఇంకా ఊపిరి ఉంది.

అక్కడి నుంచి వెనక్కి, నగరంలోకి. నడిమి వంక పేరుకు తగ్గట్టే ఊరి నడుమ నుంచి పోతుంది. పైనున్న చెరువులు నిండి మరువ పారితే ఆ నీళ్ళు కిందికి పోవడానికి ఉన్న దారి అది. ఊళ్ళో అలాంటిదే ఇంకొకటి మరువ వంక. రెండూ ఒకప్పుడు ఊరి అంచులు. ఇప్పుడు వాటి మీదికి ఇళ్ళ వెనక గోడలు వంగి ఉన్నాయి, గోడల్లోంచి గొట్టాలు బయటికి వచ్చి నేరుగా వంకలోకి పోస్తున్నాయి. ఒక కల్వర్టు మీద నిలబడి చూశాను. నీళ్ళు నల్లగా, నెమ్మదిగా, గట్టి నురగతో. కిందికి దూకేచోట డిటర్జెంటు నురగ తెల్లగా పోగుపడుతోంది. పక్కనే టీకొట్టు. నేను పళ్ళెం తీయడం చూసి కొట్టాయన అడిగాడు:

“ఏం పట్టుకుంటావప్పా దాంట్లో?”

“పురుగులు.”

“అది మా కొట్లో అడిగినా ఇస్తాం గదా,” అని నవ్వాడు. తర్వాత గంభీరమయ్యాడు. “ఈ వంకలో మా నాయన ఈదినాడంట. నేను నమ్మలా.”

పళ్ళెంలో ఎర్ర పురుగులు తప్ప వేరేవి రెండే పడ్డాయి. తోకను గొట్టంలా పైకెత్తి గాలి పీల్చే లార్వాలు. కుళ్ళు నీటిలో బతకగల జాతి. నీటిలోంచి గాలి అందని చోట అవి నీటి పైనుంచి తెచ్చుకుంటాయి. చేపలకు లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావాలి. శుద్ధి చేయని మురుగులో దాన్ని మింగేసే సేంద్రియ పదార్థం ఎంత ఉంటుందంటే, దాన్ని కొలిచే బీఓడీ లెక్కలో లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటడం మామూలే. స్నానానికి పనికిరావాలంటే అది 3 దాటకూడదని మన దేశపు ప్రమాణం. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఈ వంక కథ.

2005లో ఆస్ట్రేలియా, అమెరికా పరిశోధకులు కొందరు నగరాల ఏరులన్నిటికీ ఒకే రకం జబ్బు లక్షణాలున్నాయని గమనించి దానికి ‘అర్బన్ స్ట్రీమ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. లక్షణాలు ఇవి: వాన పడగానే ఒక్కసారిగా వరద ఎగదన్నడం, నత్రజని, భాస్వరం పెరగడం, ఒడ్లు కోసుకుపోవడం, రకరకాల జీవాలు పోయి మొండి జాతులు కొన్నే మిగలడం. మెల్బోర్న్‌లోనైనా అనంతపురంలోనైనా కారణం ఒకటే. కాంక్రీటు నీటిని లోపలికి పోనివ్వదు, మొత్తం వంకకు ఒకేసారి తోసేస్తుంది.

కానీ ఆ పుస్తకపు జబ్బుకూ మా సీమ జబ్బుకూ ఒక తేడా ఉంది. వానలు బాగా పడే దేశాల్లో నగరం పెరిగితే వానలు లేని రోజుల్లో ఏరు ఎక్కువగా సన్నబడుతుంది. ఇక్కడ తిరగబడింది. ఎండాల్సిన కాలంలో పారుతోంది. ఏరు ఎండటం మానేయడమే ఇక్కడి రోగలక్షణం. అది అర్థమయ్యాక ఆ కల్వర్టు మీద నాకు వాసన కంటే ఆ నిరంతర ప్రవాహమే ఎక్కువ భయం కలిగించింది.

వరద సంగతికి వస్తే, ఈ నగరానికి పాఠాలు తక్కువ పడలేదు. 2022 అక్టోబరులో నడిమి వంక పొంగి రుద్రంపేట, రంగస్వామి నగర్, సోమనాథ్ నగర్ లాంటి చోట్ల ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువు తెగి పండమేరు ఒక్క రాత్రిలో నగరం అంచు కాలనీలను ముంచింది. కరువు జిల్లాలో పడవలేసి మనుషుల్ని తేవడం చూసి టీవీ వాళ్ళకు ఆశ్చర్యం. ముసలమ్మ కథ తెలిసినవాళ్ళకు అందులో ఆశ్చర్యం లేదు. వానలు తక్కువైన నేలలో వాన వచ్చినప్పుడు వచ్చేదంతా ఒకేసారి వస్తుంది. అందుకే వంక వెడల్పు వట్టి ఇసుకగా పడి ఉన్నా అది వృథా కాదు. పదేళ్ళకొకసారి వచ్చే అతిథికి వాకిలి అది. భవన నిర్మాణ నిబంధనల్లో పెద్ద వాగూ వంకలకు తొమ్మిది మీటర్లు వదలాలని రాసే ఉంది. కాగితం మీది తొమ్మిది మీటర్లను నేను నడిమి వంక వెంట చాలా దూరం వెతుక్కున్నాను. రెండుచోట్ల దొరికాయి. రెండూ శ్మశానాల పక్కన.

ఇప్పుడు ఈ మురుగు అసలు ఎక్కడి నీరో చెప్పాలి. అనంతపురం తాగేది తన నేలలో పడ్డ నీళ్ళను కాదు. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట నుంచి ఎగువ కాలువ మీదుగా పెన్న మీది జలాశయాలకు వచ్చి, అక్కడి నుంచి గొట్టాల్లో నగరానికి చేరిన నీళ్ళే చాలావరకు. ఎగువ కాలువలో మన వాటా కాగితం మీద 32.5 టీఎంసీలు. తుంగభద్ర పూడిక పట్టి తగ్గిపోవడంతో పూర్తిగా చేతికందిన ఏళ్ళు అరుదు. 2024 ఆగస్టులో ఆ ఆనకట్ట పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతులు నిద్రపోలేదు. ఇంత దూరం నుంచి, ఇన్ని తగాదాల మధ్య తెచ్చుకున్న నీటితో గిన్నెలు కడిగి, బట్టలుతికి, మరుగుదొడ్డిలో పోసి, వంకలోకి వదులుతున్నాం. సహ్యాద్రి కొండల మీద కురిసిన వాన ఇలా దారి మళ్ళి, ఒక నగరం కడుపులోంచి పోయి, శింగనమల వైపు నడుస్తోంది.

నగరం దాటాక ఈ నీళ్ళన్నీ తడకలేరులో పడతాయి. హైవే వంతెన మీద కిటికీలు ఎత్తేసుకుని పోయే కార్లను చూసి కిందికి దిగాను. ఒడ్డున జమ్ము మనిషెత్తు పెరిగి ఉంది. కొన్నిచోట్ల నీరు కనిపించనంతగా గుర్రపుడెక్క. భాస్వరం తిని బలిసిన ఆకులు. పొడవాటి గులాబీ రంగు కాళ్ళతో నల్లరెక్కల పిట్టలు బురదలో టకటకా ముక్కులు ఆడిస్తున్నాయి. పక్షుల్ని ఫొటో తీసేవాళ్ళు ఇలాంటి చోటుకు వచ్చి ఆనందపడి పోతారు. అవి ఎర్ర పురుగులను ఇష్టంగా తింటాయి, అందుకే అక్కడున్నాయి. పిట్ట ఉందంటే నీరు బాగుందని కాదు.

వంక వెంట కొంత దూరం పోయాక మోటార్ల చప్పుడు వినిపించింది. ఒడ్డున డీజిల్ ఇంజన్లు, వంకలోకి గొట్టాలు. గొట్టాల అవతల, ఏప్రిల్ ఎండలో, కళ్ళు చెదిరే పచ్చదనం. వరి, పక్కన పశుగ్రాసం. చుట్టూ మైళ్ళ కొద్దీ వేరుశనగ కోసేసిన ఎర్ర చేలు ఎండిపోయి ఉంటే ఈ ఒక్క పట్టీ మాత్రం కోనసీమలా ఉంది. గడ్డి కోస్తున్న ఆమెను పలకరించాను.

“గడ్డి బాగా లేస్తాదక్కా?”

“ఎరువే అక్కర్లే సార్. నెలకోతూరి కోసినా మళ్ళా లేస్తాది. ఎనుములు బాగా తింటాయి.” చేతులు చూపించింది. వేళ్ళ సందుల్లో ఎర్రటి పొక్కులు. “ఇదొక్కటే. రాత్రిళ్ళు గోక్కోలేక చస్తాం.”

“మరి మానెయ్యకూడదా?”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “బోరేస్తే ఐదు నూర్ల అడుగులకు కూడా దుమ్మే వచ్చె. ఈ నీళ్ళు దేవుడిచ్చినట్టు వస్తాండాయి. మానేసి ఏం తినల్ల?”

హైదరాబాదు దిగువన మూసీ రైతులు దశాబ్దాలుగా ఇదే మాట చెబుతున్నారు. అక్కడా మురుగుతో గడ్డి పెరుగుతుంది, గడ్డితో పాలు వస్తాయి, పాలు మళ్ళీ నగరానికే పోతాయి. ఎరువు ఖర్చు లేదు, నీటికి కొరత లేదు. దాంతోపాటు కొంకిపురుగులు, నులిపురుగులు, చర్మరోగాలు, నేలలో ఉప్పు. వర్షాలు బాగా పడే చోట ఆ ఉప్పును వాన కడిగి తీసుకుపోతుంది. ఇక్కడ వాన ఆ పని చేయలేదు. ఏటేటా మురుగులోని సోడియం నేల పైపొరలోనే పేరుకుంటుంది, మట్టి గట్టిపడి నీరు లోపలికి పోనివ్వదు. పదేళ్ళు పచ్చగా ఉన్న చేను పదకొండో ఏడు తెల్లటి పొర కక్కితే ఆమెకు ఎవరు చెప్పగలరు ముందుగా? ఆమె పొక్కుల చేతుల ముందు నాకు ఆ ఉపన్యాసం ఇచ్చే ధైర్యం రాలేదు.

ఒక చోట ఏటి ఇసుకను తవ్వి చూశాను, పొద్దున పండమేరులో చూసిన చెలమను మనసులో పెట్టుకుని. జానెడు లోతున ఇసుక నల్లగా, జిగటగా, కుళ్ళిన గుడ్ల వాసనతో ఉంది. ఊరిన నీరు కూడా అదే రంగు. ఎప్పుడూ తడిగా ఉండే మురుగు ఇసుక సందులను జిగటతో పూడ్చేస్తుంది. అప్పుడు ఏరు పారుతూనే ఉంటుంది, భూమికి మాత్రం తాగించదు. ఎండిన ఇసుక ఏరు ఒక్క వానకు ఎంత నీటిని లోపలికి పీల్చుకోగలదో, పన్నెండు నెలలూ పారే ఈ ఏరు అంత పీల్చుకోలేదు. దీని గురించి నీటి కమిటీల్లో ఎవరైనా మాట్లాడుతుంటే నేను వినలేదు.

శింగనమలకు పొద్దు వాలుతుండగా చేరాను. చిన్న ఊరే, మండల కేంద్రం. ఋష్యశృంగుడి పేరుతో ఈ ఊరికి పేరొచ్చిందని చెబుతారు. ఎండిన రాజ్యానికి వాన తెచ్చిన ముని పేరు ఈ సీమ ఊరికి పెట్టుకున్నవాళ్ళకు హాస్యం తెలుసో, ఆశే ఎక్కువో. తాకట్టులో భారతదేశం రాసిన తరిమెల నాగిరెడ్డి పుట్టిన తరిమెల కూడా ఈ మండలంలోదే. ఈ ఊరికి అన్నిటికంటే పెద్ద ఆస్తి శ్రీరంగరాయల చెరువు. విజయనగర రాజుల కాలం నాటిది. గుట్టల మధ్య నీటిని పట్టి నిలిపిన కట్ట, దాని కింద ఊళ్ళ ఆయకట్టు. పండమేరు, తడకలేరు రెండూ చివరికి దీనిలోకే.

ఈ సీమలో చెరువుకు అనువైన చోటంటూ ఇక మిగల్లేదని, అనుకూలమైన ప్రతి చోటా జనం ఇప్పటికే చెరువు వేసుకున్నారని రెండు వందల ఏళ్ళ కిందట దత్తమండలాల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రాశాడు. ఆ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చచ్చిపోయాడు. మురికి నీటి జబ్బు. పెద్ద దొరనూ వదల్లేదు.

కట్ట మీద వేపచెట్టు కింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన తాత నీరుగంటి. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపో చెప్పడం ఆ ఇంటి పని.

“ముందు ఈ చెరువు నిండల్లంటే మూడేండ్లకోసారన్నా పెద్ద వాన రావల్ల. రాకుంటే అడుగు నెర్రెలిచ్చేది. అడుగున జొన్న యేసుకునేటోళ్ళు కూడా.”

“ఇప్పుడు?”

“ఇప్పుడు యాడెండుతాది? పట్నమోళ్ళ నీళ్ళు పొద్దుమాపులూ వస్తాండాయి కదా. చెరువెండక పాయె, అడుగు మట్టి తియ్యనీకె కాకపాయె.”

ఆ మాటతో నేను గంటసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను. చెరువు ఎండితేనే పూడిక తీస్తారు. పూడిక మట్టి చేలకు పోతుంది, చెరువు లోతవుతుంది. ఎండకపోతే ఆ పని ఆగిపోతుంది. మురుగు తెచ్చిన బురద దాని మీద చేరుతుంది. ఎండే చెరువుకే పనికొచ్చిన పూడికతీత అలవాటు, ఎండని చెరువుకు కొరగాకుండా పోయింది.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి ఒక శాసనం ఉంది. అనంతరాజసాగరం అనే పెద్ద చెరువు కట్టించిన సందర్భంలో చెక్కించినది. చెరువుకు పన్నెండు లక్షణాలు, ఆరు దోషాలు చెబుతుంది. తీయని నీళ్ళున్న నది ఉండాలంటుంది. దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్య గుట్ట, ఎక్కువ నీటికి తక్కువ నేల, ఎక్కువ నేలకు తక్కువ నీరు. ఇంకొకటి ఉంది: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. ఎందుకో ఆలోచించాల్సిన పనేం లేదు. ఇద్దరు రాజుల మధ్య ఉన్న చెరువును ఎవరూ బాగుచేయరు, ఇద్దరూ కొట్టుకుంటారు. మురుగు సంగతి శాసనకర్తకు తట్టలేదు. కానీ శింగనమల చెరువుకు పట్టిన దోషం సరిగ్గా ఆ సరిహద్దు దోషమే. నీరు నగరపాలక సంస్థది, వంక రెవెన్యూది, చెరువు నీటిపారుదల శాఖది, చేపలు మత్స్యశాఖ దగ్గర వేలం పాడుకున్న సంఘానివి, దుర్వాసన ఊరిది. ఏ ఒక్క కార్యాలయానికీ ఈ చెరువు మొత్తం చెందదు.

చెరువులో వల వేసి వచ్చిన వాళ్ళను కలిశాను. జిలేబీ చేపలే ఎక్కువ. కట్ల, రోహు పిల్లలను వేస్తారు, వేసవిలో నీరు తగ్గేసరికి కొన్నిసార్లు తెల్లారగానే చచ్చి తేలుతాయి. రాత్రిపూట నాచు, పాచి కూడా ప్రాణవాయువును తినేస్తాయి. తెల్లవారుజామున అది అడుగంటుతుంది. అందుకే చావు ఆ వేళకే వస్తుంది. బతికిన చేపలకు ఇంకో ఇబ్బంది. “మట్టి వాసనొస్తాదని పట్నంలో తీసుకోరు సార్” అన్నాడు ఒకతను. ఆ మట్టి వాసనకు శాస్త్రంలో పేరుంది, జియోస్మిన్. నీటిలోని నాచు లాంటి సూక్ష్మజీవులు చేస్తాయి. తొలకరి పడినప్పుడు నేల నుంచి లేచే ఆ సువాసన కూడా జియోస్మినే. సీమవాళ్ళు ఏడాదంతా ఎదురుచూసే వాసన, చేపలో దూరితే ఎవరికీ వద్దు.

ఇక్కడ జాలి ముంచితే మిశ్రమ ఫలితం. ఏరు వచ్చి కలిసే వైపు ఎర్ర పురుగులు. చెరువు మధ్య వైపు, కట్ట దగ్గర, రాళ్ళ కింద తూనీగ పిల్లలు రెండు, నీటి బొద్దింక ఒకటి. చెరువు ఇంకా పని చేస్తోంది. జమ్ము, నీటి లోతు, ఎండ, బాక్టీరియా కలిసి వచ్చిన మురుగును కొంత శుద్ధి చేస్తున్నాయి. నగరం చేయాల్సిన పనిని ఒక పాత చెరువు జీతం లేకుండా చేస్తోంది.

రాత్రి లాడ్జిలో ఒక లెక్క వేసుకున్నాను. మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని జాతీయ ప్రమాణం, అందులో దాదాపు ఎనభై శాతం మురుగుగా తిరిగొస్తుందని ఇంజనీర్ల అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం అనంతపురంలో రెండున్నర లక్షలకు పైగా జనం. అదే తీసుకుంటే రోజుకు దాదాపు రెండు కోట్ల డెబ్భై లక్షల లీటర్లు. ఏడాదికి మూడో వంతు టీఎంసీకి పైనే. ఒక టీఎంసీకి పదివేల ఎకరాల ఆరుతడి పండుతుందని సీమలో అందరికీ నోటికి వచ్చిన లెక్క. అంటే మూడువేల ఎకరాలకు పైన. కాగితం మీదిది, దారిలో ఇంకేది, ఆవిరయ్యేది తీసేస్తే తగ్గుతుంది. అయినా కరువు సీమలో ఇది చిన్న సంగతి కాదు. ఆ మూడువేల ఎకరాల నీరు రోజూ కళ్ళముందే పారుతోంది, విషం కలుపుకుని.

కాబట్టి మురుగును ఆపేయమనడం ఇక్కడ పనికిరాని కోరిక. దాన్ని శుద్ధి చేసి, అదే వంకలో, అదే చెరువుకు వదలమనాలి. పొరుగున కర్ణాటకలో ఇలాంటి పని జరిగింది. కోరమంగళ, చల్లఘట్ట లోయల్లోని బెంగళూరు మురుగును శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. కోలారు కూడా కరువు జిల్లానే, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. చెరువులు నిండాయి, బోర్లలో నీళ్ళు ఎగదన్నాయి. మొదటి నెలల్లోనే లక్ష్మీసాగర చెరువులో నురగ లేచింది, కోర్టు నీటిని ఆపించింది, తర్వాత మళ్ళీ మొదలైంది. రెండో దశ శుద్ధి చాలదు, మూడో దశ కూడా కావాలని అక్కడి శాస్త్రవేత్తలు, రైతు నాయకులు పట్టుబడుతూనే ఉన్నారు. కోలారు అనుభవంలో నాకు పనికొచ్చేది నురగ కాదు, ఆ నీటికి ఒక కాగితం ఉండటం. ఆ నీళ్ళు ఏ చెరువులకు పోవాలో ప్రభుత్వ పథకంలోనే రాసి ఉంది. శింగనమలకు అలాంటి కాగితం లేదు. రేపు నగరం శుద్ధి కేంద్రం కట్టి, శుభ్రమైన నీటిని ఏ పరిశ్రమకో అమ్ముకుంటే శింగనమల నోరెత్తడానికి ఆధారం లేదు. మురికి నీటికి హక్కు అడిగినవాళ్ళు లేరు, శుభ్రమైన నీటి దగ్గరికి వచ్చేసరికి క్యూ ఉంటుంది.

మరుసటి రోజు పొద్దున మళ్ళీ కట్టకు పోతే ముసలాయన అక్కడే ఉన్నాడు. రాత్రి వేసుకున్న లెక్క చెప్పాను. సీమలో ఒకప్పుడు ఉండిన దశబంధం పద్ధతిని కూడా గుర్తుచేశాను. చెరువు కట్టినవాడికో, బాగుచేసేవాడికో దాని కింది నేలలో పదో వంతు ఇనాముగా ఇచ్చేవారు. చెరువు బాగుంటే అతని పంటా బాగుంటుంది కాబట్టి అతను కట్టను కన్నార్పకుండా చూసుకునేవాడు. అదే తీరులో నగరం కూడా తన వంక బాగోగులు చూసేందుకు శింగనమల చెరువుకు ఏటా కొంత చెల్లించాలి, నీటికి ఒప్పందం రాసివ్వాలి అన్నాను. వంక ఒడ్డున తొమ్మిది మీటర్లు వదిలించి, గొట్టాలు మళ్ళించి, శుద్ధి చేసిన నీళ్ళను ఇటే వదలాలి. చెరువును ఏటా కొన్ని నెలలు ఎండనివ్వడానికి కాలువకో కుంటకో మళ్ళించే తూమొకటి పెట్టాలి. చెబుతూ చెబుతూ నేను కొంచెం ఊపు మీదున్నాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. దశబంధం మాటకు మాత్రం తలాడించాడు.

“మా తాత చెప్పేటోడు ఆ సంగతి. శానా మంచి మాట. పట్నమోళ్ళు మాకు దశబంధమిస్తారా?” చుట్ట వెలిగించుకున్నాడు. “అది తర్వాత. ముందు ఆ కవర్లు ఆపమను నాయనా. తూముకు అడ్డం పడి దినామూ ఎత్తిపోయలేక చస్తాండాం.”